గోడ లేచేలోపు కాలవ

బోర్డు పెయింటర్ కాన్వాసు మీద నీలం ముద్ద పెట్టి, రంగులు కలిపే కత్తి అంచుతో పక్కకు లాగాడు. అతను కూర్చున్నది వాళ్లక్క కుట్టుమిషను పక్కన, కిటికీ ఎదుట. బయట కాలవ, అవతలి ఒడ్డున చెట్ల వరస, వాటి మొదళ్ల దగ్గర పొద్దుటి మంచు. ఇవతల పక్క స్థలంలో గోడ లేస్తోంది, రోజుకు మూడు వరసల చొప్పున.

ముప్ఫై ఏళ్లుగా అక్క ఆ కిటికీ దగ్గరే బట్టలు కుడుతోంది. సూదిలోకి దారం ఎక్కించే ముందు ఒకసారి నీళ్లవైపు చూడటం ఆమెకు అలవాటు.

"గోడ లేచేలోపు ఆ కాలవని వేసిచ్చెయ్ రా."

"ఫొటో తీసుకోవచ్చుగా?"

"తీశాను. చెట్లున్నాయి, నీళ్లున్నాయి. ఆ వెలుగే లేదు."

అతనికి గురువంటూ లేడు. కొట్ల పేర్లు రాస్తూ చెయ్యి తిరిగింది. ఇంప్రెషనిస్టులనే ఫ్రెంచి చిత్రకారుల పద్ధతిని పాత క్యాలెండరు బొమ్మల్లో చూసి పట్టుకున్నాడు. దగ్గరికెళితే రంగు మచ్చలు, నాలుగడుగులు వెనక్కేస్తే నీళ్లు. పొద్దుట ఆ వెలుగు ఉండేది అరగంటే కాబట్టి రోజూ ఆ అరగంటే పని.

నాలుగోరోజుకు బొమ్మ బాగానే వచ్చింది. కానీ అలవాటైన చెయ్యి ఊరుకోదు. బోర్డు మీద అక్షరాలకు అంచు కట్టినట్టే, సన్నబ్రష్షుతో చెట్లన్నిటికీ చుట్టూ నల్లగీత గీసేశాడు.

అక్క మిషను ఆపి చూసింది.

"చెట్లకి కూడా బోర్డు రాశావేంట్రా? కింద ఫోన్ నంబరొక్కటే తక్కువ."

నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది అతనికి. బయట గోడ కిటికీ కింది అంచు దాటేసింది. ఇంకొక్క రోజు కడితే నీళ్లు కనపడవు. తల బయటపెట్టి మేస్త్రీని పిలిచాడు.

"మేస్త్రీగారూ, ఈ మూల రేపొక్కరోజు ఆపుతారా?"

"మీ చెట్లు ఎదిగేలోపు నేను మేడే కట్టేసేలా ఉన్నాను పెయింటర్‌గారూ! సరే, రేపు అటుపక్క కడతాం. ఎల్లుండి మాత్రం నన్నడక్కండి."

గుడ్డతో తుడిస్తే నలుపు అంతటా పాకుతుంది. అందుకని కత్తిని పడుకోబెట్టి ఒక్కో చెట్టునే గీకాడు. గీకిన ప్రతిసారీ కత్తి తుడుచుకున్నాడు. రంగంతా లేచిపోయి, కాన్వాసు నేతలో బూడిదరంగు డాగులు మిగిలాయి. వెనక్కి జరిగి కళ్లు సగం మూసి చూశాడు. ఆ డాగులే చెట్ల మొదళ్లలో మంచు! నాలుగురోజులుగా ఎన్ని రంగులు కలిపినా కుదరనిది అదే.

"అక్కా, మిషను ఆపు. ఇటు చూడు."

"ఇది పాడైందా, బాగుపడిందా?"

"రేపు చెబుతా."

మర్నాడు సన్నబ్రష్షును చేతికందకుండా ముందే అక్క గుండీల డబ్బాలో పడేశాడు. కింద డాగుల జోలికి పోలేదు. పైన ఎండ తగిలిన కొమ్మల మీద పసుపు, నారింజ పొట్టి పొట్టిగా అద్దాడు. నీడల్లో నలుపుకు బదులు ఊదా పెట్టాడు. అరగంట కాగానే, ఇంకా పెట్టాలనిపిస్తున్నా, లేచాడు.

ఆ మర్నాడు మేస్త్రీ మూల కట్టేశాడు. కిటికీ నిండా ఇటుకలే.

"అంచులు పట్టుకో. నూనెరంగు, నెల్లాళ్లు వేలు పెట్టకు, ఆరదు," అంటూ పెయింటర్ బొమ్మను అక్క చేతికిచ్చాడు.

ఆమె దాన్ని మిషను ఎదుట మేకుకు తగిలించి కూర్చుంది. ఒకసారి అటు చూసి, సూదిలోకి దారం ఎక్కించింది.