బెల్లం పంచిన చేతులు

తార్నాకలో నేను ఫోర్‌మన్‌గా పనిచేసిన ప్రెస్సు ఒక రేకుల షెడ్డు. అరవైల చివర్లో యూనివర్సిటీ వాళ్ల పుస్తకాలు చాలా అక్కడే అచ్చయ్యేవి. నలుగురు కంపోజిటర్లు పొద్దంతా నిలబడి, అరల్లోంచి సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి, ఎడమచేతిలో పట్టుకున్న స్టిక్ అనే చిన్న ఇనుప పళ్లెంలో పేర్చేవారు. సాయంత్రానికి వాళ్ల వేళ్లు, పేర్చిన పేజీలు బిగించే నా వేళ్లు కూడా నల్లగా మెరిసేవి.

సీసం ఒంటికి మంచిది కాదని మాకు తెలుసు. బెల్లం తింటే దాని దోషం పోతుందని కూడా నమ్మేవాళ్లం. నాలుగు గంటలకు తలా ఒక ముక్క ఇవ్వడం ఆ ప్రెస్సులో ఆనవాయితీ. నల్లా పెరట్లో ఆ చివర ఉండేది. చేతులు కడుక్కోవడానికి వెళ్లినవాళ్లు బీడీ ముట్టించి పావుగంటకు గానీ తిరిగొచ్చేవారు కాదు. అందుకని నేనే బెల్లం చితక్కొట్టి, నిలబడ్డ చోటికే తెచ్చి పంచడం మొదలుపెట్టాను. పని ఆగేది కాదు. నా తెలివికి నేనే మురిసిపోయేవాణ్ని.

మెట్టుగూడ నుంచి సైకిలు మీద వచ్చే కంపోజిటర్ ఒకాయన నాకంటే పదేళ్లు పెద్ద. ఆయన పేర్చిన పేజీలో తప్పు దొరికితే మాకు పండగే. ఒక ఎండాకాలం ఆయనకు కడుపునొప్పి పట్టుకుంది. తర్వాత ఎడమ మణికట్టు వాలిపోసాగింది. ఒకరోజు స్టిక్ జారి, పేర్చిన వరుసలన్నీ నేల మీద చెల్లాచెదురయ్యాయి.

"ఏందయ్యా, పొద్దుగాల్నే కల్లు కాంపౌండ్ దిక్కు పోయొచ్చినవా?" అన్నాను అందరి ముందు.

ఆయన కల్లు ముట్టడు. ఆ సంగతి నాకు తెలుసు.

"చెయ్యి మాట వింటలేదు సార్," అని, కూర్చుని అక్షరాలు ఏరుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆ సాయంత్రం ఆయనకు రెండు ముక్కల బెల్లం ఇచ్చి, నా బాధ్యత తీరిందనుకున్నాను.

ఆ వారమే ప్రూఫులు పట్టుకుని కాంపస్‌లో ఒక కెమిస్ట్రీ లెక్చరర్ గారి గదికి వెళ్లాను. ఆయన చాయ్ తెప్పించారు. నేను జేబులోంచి పొట్లం తీసి, "మా ప్రెస్సు ప్రసాదం సార్," అంటూ ఒక ముక్క ఇచ్చాను. ఆయన దాన్ని నోట్లో వేసుకోకుండా కిటికీ వెలుతురులో తిప్పి చూశారు. పసుపుపచ్చటి బెల్లం మీద నా వేలిముద్రలు రెండు నల్లగా ఉన్నాయి.

"ఈ చేతులతోనే పంచుతారా?"

"బెల్లం సీసాన్ని లాగేస్తది కద సార్!"

"లాగదండీ. మీరు వాళ్లకు రోజూ సీసమే తినిపిస్తున్నారు, తియ్యగా."

ల్యాబులో నల్లా చూపించి, చేతులు కడిగేదాకా చాయ్ ముట్టనివ్వలేదు. మూడుసార్లు కడిగినా నీళ్లు నల్లగానే పోయాయి. నాకు ఆ రెండు ముక్కలే గుర్తొచ్చాయి.

మర్నాడు ఆ కంపోజిటర్‌ను ఆస్పత్రికి తీసుకెళ్లాను. ఇది సీసం వల్లేనని, కొన్ని నెలలు అక్షరాలు ముట్టొద్దని అన్నారు డాక్టర్. చెయ్యి తిరిగి వస్తుందని మాత్రం మాట ఇవ్వలేదు.

"ఈ చెయ్యి పోతే నాకు ఇంకేం పనొస్తది సార్?" అన్నాడాయన, తిరిగొచ్చే దారిలో.

ప్రెస్సులో అందరినీ పిలిచి చెప్పాను. "ఆరోజు కల్లు మాట అనుడు నా తప్పు. నల్లా దాకా పోనియ్యకపోవుడు అంతకంటె పెద్ద తప్పు."

"నిజమే సార్," అన్నాడాయన. నన్ను ఓదార్చలేదు. అదే న్యాయం అనిపించింది.

యజమానితో పట్టుబట్టి నల్లాను షెడ్డు గుమ్మం దగ్గరికి మార్పించాను. సబ్బు పెట్టించాను. బెల్లం ఇక వరండాలోనే, పని ఆపి, చేతులు కడుక్కున్నాకే. ఆ కంపోజిటర్ అక్షరాల జోలికి పోకుండా నా ఎదురుగా కూర్చుని రాతప్రతి పైకి చదివేవాడు, నేను ప్రూఫు సరిచూసేవాణ్ని. వానాకాలమంతా అలాగే గడిచింది. అన్ని రోజులూ నా చూపు అక్షరాల మీద కంటే ఆయన మణికట్టు మీదే ఎక్కువగా ఉండేది.

చలికాలంలో, డాక్టర్ సరేనన్నాక, ఆయన మళ్లీ అరల ముందు నిలబడి నాలుగు వరుసలు పేర్చాడు. స్టిక్ కదలలేదు. నాలుగింటికి నేను బెల్లం పొట్లంతో వరండాలోకి వస్తే అడ్డం నిలబడ్డాడు.

"ముందుగాల మీ చేతులు చూపియ్యుండ్రి సార్."

ఎడమచేత్తో నా మణికట్టు పట్టుకుని, అరచెయ్యి తిప్పి, గోళ్ల సందులు కూడా చూశాడు. మిగతావాళ్లు నవ్వారు. కొంచెం నొప్పి పుట్టేంత గట్టిగా ఉంది ఆ పట్టు. వదలమని నేను అడగలేదు.