సమాధుల తోటలో వెనక సగం

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్తంభాల కింద తంగేడు కట్టలు కుప్పలు పోసి అమ్ముతున్నారు. ఒక కట్ట ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మల్లెలా మురిపించే వాసన కాదు తంగేడుది. పచ్చి ఆకు నలిపినట్టు, కాస్త చేదుగా ఉంటుంది. కొనకుండా కట్ట తిరిగి పెట్టేసరికి అమ్మే ఆమె మొహం మాడ్చుకుంది. ఏం చెయ్యను, ఆ వాసన తగిలితే నేను బజారులో ఉండను. అనసూయ టీచరు వెనకాల గునుగు మొక్కలు తప్పించుకుంటూ నడుస్తుంటాను. ఈ ఊళ్లో నోరు తెరిచి బతకడం నాకు నేర్పిన మనిషి ఆవిడ.

సైదాబాద్‌లో ఆవిడ ఇంటి కింది వాటాలో మేము అద్దెకు దిగేనాటికి ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఊపందుకుంటోంది. మాది గుంటూరు వైపు. మా ఆయనకు ఎల్‌బీ నగర్‌లో మందుల దుకాణం, నేను కోచింగ్ సెంటర్లో కెమిస్ట్రీ చెప్పేదాన్ని. టీచరుది నల్గొండ దగ్గర పల్లె. సర్కారు బడిలో సోషల్ చెప్పి రిటైరయ్యారు. భర్త పోయారు, పిల్లల్లేరు. ఆంధ్రావాళ్లకు ఇల్లెందుకిచ్చావని చుట్టాలు అడిగితే, తాళంచెయ్యి నాది, మీకెందుకు పరేషాన్ అన్నారట. అలాగని ఉద్యమం విషయంలో నాకోసం ఒక్క మాట తగ్గించేవారు కాదు. టీ తాగుతూ ఇద్దరం గంటలు గంటలు వాదించుకునేవాళ్లం. ఓడిపోయింది ఎక్కువసార్లు నేనే, ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేం లేదు.

మొదటి ఏడు పెత్రమాస, అదే మా వైపు మహాలయ అమావాస్య, పొద్దున ఆవిడ చేతుల నిండా తంగేడు తెచ్చి మా ఇద్దరి గుమ్మం ముందున్న అరుగు మీద పెట్టారు. ఇంత తాజాగా ఎక్కడివని అడిగాను. సమాధుల తోటలోవి అన్నారు. అయ్యయ్యో, అవి ఇంట్లోకి తీసుకురాకండి టీచర్ గారూ, ముందు స్నానం చెయ్యండి అన్నాను.

ఆవిడ నవ్వి, పువ్వులు సర్దుకుంటూనే అన్నారు. "ఇయ్యాల పొద్దుగాల పెద్దలకు బియ్యమిస్తం, మాపటికి బతుకమ్మ ఎత్తుతం. రెండూ ఒక్క దినమే గదా బిడ్డా. పెద్దలకాడ పూసిన పువ్వు బతుకమ్మకు ఎట్ల పనికిరాదు?"

ఒక్క మాటతో వదిలిపెట్టే రకం కాదు ఆవిడ. చెయ్యి పట్టుకుని తోటకు లాక్కుపోయారు.

నవాబుల కాలంలో కొలువు చేసిన తెల్లదొరల సమాధుల తోట అది. ముందు సగంలో పాలరాతి పలకలు, వాటి మధ్య విరగకాసిన సీతాఫలం చెట్లు, ఒక మూల గుర్రాలు నీళ్లు తాగే రాతి తొట్టి. నవంబరులో సమాధుల పండుగకు దగ్గరి చర్చివాళ్లు వచ్చి కొవ్వొత్తులు వెలిగిస్తారు, అప్పుడు టీచరు కూడా వెళ్లేవారు. వెనక సగంలో పలకలు లేవు. గునుగు, తంగేడు మనిషెత్తు పెరిగి ఉన్నాయి. టీచరు కొమ్మలు పక్కకు వంచితే, నేలలో వరసగా పాతిన బండరాళ్లు కనబడ్డాయి. వాటి కింద ఉన్నది దొరల గుర్రాలు కడిగినవాళ్లు, రొట్టెలు కాల్చినవాళ్లు, వాళ్లలో మన మనుషులూ ఉన్నారని చెప్పారు. దొరల పేర్లు పుస్తకాల్లోకి ఎక్కాయి, వీళ్ల పేర్లు రాళ్ల మీద కూడా లేవు.

అక్కడి నుంచి గుడికి వెళ్లాం. టీచరు అమ్మానాన్నలకు ఒక వాటా, భర్తకు ఒక వాటా బియ్యం, కూరగాయలు పంతులు గారికిచ్చి, మూడోది ముందుకు జరిపారు. ఎవరి పేరునని ఆయన అడిగితే, తోటల వెనక సగానికి అన్నారు. పేరు, గోత్రం లేకుండా ఎలాగమ్మా అని ఆయన నసిగారు.

"ఆకలి గోత్రం అడిగి అయితదా పంతులూ?"

ఆయన ఆ వాటా కూడా తీసుకున్నారు.

తర్వాతి ఏడు సమ్మె వచ్చింది. బస్సులు ఆగిపోయాయి, ఎల్‌బీ నగర్ చౌరస్తాలో జనం నిరసనగా రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుకు తిన్నారు. మా ఆయన దుకాణం షట్టరు సగం దించి కూర్చునేవాడు. షేర్ ఆటోలో మాట్లాడకు, యాస పట్టేస్తారు అని నాకు పొద్దున్నే చెప్పి పంపేవాడు. నిమిషం నోరు మూసుకోలేని నేను రోజుల తరబడి మూగదానిలా తిరిగాను. నా నోరు నాకే పరాయిదైపోయింది.

సరిగ్గా పెత్రమాస ముందు తోట వెనక సగం చుట్టూ రేకులు లేచాయి. అక్కడ సమాధులే లేవు, అంతా పిచ్చిచెట్లు, చదును చేసి ఫంక్షన్ హాలు కడతానని ఎవరో కాంట్రాక్టరు బయల్దేరాడు. ఊరంతా రోడ్ల మీద ఉంటే శ్మశానం సంగతి ఎవరికి పడుతుందని వాడి ధీమా. టీచరు ఆఫీసులన్నీ తిరిగారు. సమ్మెలో అన్నిటికీ తాళాలే. ఇంటికొచ్చి మెట్ల మీద కూలబడి, "ఆపీసులు మనమే బంద్ జేసినం, ఇగ తోటను గూడ మనమే సూసుకోవాలె" అన్నారు.

ముందు చర్చి పాస్టరు గారిని అడిగి ఒప్పించారు. తర్వాత నన్ను వెంటేసుకుని వీధిలో ఇల్లిల్లూ తిరిగారు. ఈసారి బతుకమ్మ తోట వెనక సగంలో ఆడదామంటే, సమాధుల మీద పండగేమిటని అందరూ వెనక్కి తగ్గారు. అరిచి అరిచి టీచరు గొంతు బొంగురుపోయింది. అప్పుడు నేను నోరు విప్పాను. ఆవిడ నాకు చెప్పిన మాటే, పెద్దలకు బియ్యమిచ్చే రోజే కదండీ బతుకమ్మ ఎత్తేదీ అని, నా గుంటూరు యాసలో చెప్పాను. వాళ్లు నన్ను వింతగా చూశారు. కానీ సాయంత్రానికి బతుకమ్మల పళ్లాలు ఎత్తుకుని వచ్చారు.

రేకుల సందులో కాంట్రాక్టరు మనిషి అడ్డంగా నిలబడ్డాడు. వాడి వెనక జేసీబీ. తప్పుకోండి అన్నాను. యాస పట్టేశాడు.

"ఆంధ్రామెను ఎంటేసుకొచ్చి మన పండుగ జేస్తవా టీచరమ్మా? ఈమెకీడ ఏం పని?"

అందరూ నావైపు చూశారు. నా కాలు ఒక అడుగు వెనక్కి పోయింది, నాకు బాగా గుర్తు. టీచరు తన బతుకమ్మను నా చేతుల్లో పెట్టారు. బరువుకు నేను కదలలేకపోయాను.

"లోపట పండుకున్నోళ్లది ఏ జిల్లానో ముందుగాల నువ్వు చెప్పు. అటెన్క ఈమెది అడుగు."

లోపల ఎవరూ లేరని వాడు గొణిగాడు. ఆవిడ వాణ్ని తోసుకుని లోపలికి వెళ్లి తంగేడు కొమ్మలు రెండు చేతులా వంచి పట్టుకున్నారు. ఆడవాళ్లంతా రాళ్ల వరసలు చూశారు. ఇక ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. నా చేతుల్లోని బతుకమ్మను ఆ రాళ్ల నడుమ దించాను. మిగతావాళ్లూ తమవి చుట్టూ పెట్టి చప్పట్లు మొదలుపెట్టారు. చీకటిపడ్డాక వాననీళ్లతో నిండిన గుర్రాల తొట్టిలో వాటిని సాగనంపాం. తొమ్మిదో రోజు సద్దుల బతుకమ్మ దాకా రోజూ వెళ్లాం. జేసీబీ కదల్లేదు. సమ్మె ముగిసి ఆఫీసులు తెరిచాక కొలతలవాళ్లు వచ్చి రాళ్లు చూసుకుని రేకులు విప్పించారు.

టీచరు మొన్న వానాకాలంలో పోయారు. ఇవాళ పెత్రమాస, పొద్దున నేను గుడికి రెండు వాటాల బియ్యం తీసుకెళ్లాను. పంతులు గారు కొత్తాయన, కుర్రవాడు. మొదటిది ఎవరి పేరునని అడిగాడు. అనసూయమ్మ అన్నాను. ఏమవుతారన్నాడు. మా ఇంటి ఓనరు అన్నాను. ఆయన తలెత్తి చూశాడు. అద్దె ఇంటి ఓనరుకు మీరివ్వడమేమిటి, గోత్రమైనా తెలుసా అన్నాడు.

"ఆకలి గోత్రం అడిగి అయితదా పంతులూ?"

నా నోట్లోంచి ఆ మాట ఆవిడ యాసలోనే వచ్చింది. ఆయన చెయ్యి చాచాడు. రెండో వాటా కూడా ముందుకు జరిపి, ఇది తోటల వెనక సగానికి అన్నాను.