విమానం దాటేదాకా

శుక్రవారం పొద్దున్నే మా దీవిలో, జంగ్లీఘాట్‌లోని మా ఇంటికి కబురొచ్చింది. మా హిస్టరీ మేడమ్ గుండెపోటుతో పోయారు. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు భయం వేసింది. ఆదివారం ఆవిడ మా ఇంటికొచ్చి నాన్నతో మాట్లాడాలి. చరిత్ర, సాహిత్యం, తత్వం, కాస్త సైన్సూ కలిపి చదివించే, సముద్రం అవతల ఒక మెయిన్‌లాండ్ యూనివర్సిటీలో నాకు సీటొచ్చింది. నాన్నేమో నర్సింగ్ అంటాడు.

"నర్సింగంటే పక్కా నౌకరీ. ఇది సదివితే ఏటవుతావే?" అని అడుగుతాడు. నా తరఫున మాట్లాడే ఒక్క మనిషీ పోయింది.

మీరు ఆవిడని చూసి ఉండరు. మా బడి లంబాలైన్‌లో, ఎయిర్‌పోర్టు పక్కనే. విమానం వస్తే మిగతా టీచర్లు గొంతు పెంచేవారు. ఈవిడ సగం మాట దగ్గర ఆగిపోయేవారు, సుద్దముక్క గాల్లోనే ఉండేది. మోత తగ్గాక మిగతా సగంతో మొదలుపెట్టేవారు. మేం నవ్వి చచ్చేవాళ్ళం.

ఒకసారి క్లాసులో వాదన పెట్టారు, జెట్టీ వేట పడవలకా, టూరిస్టు బోట్లకా అని. నాన్నది చేపల వేట. నన్ను తీసుకెళ్ళి టూరిస్టు బోట్ల వైపు నిలబెట్టారు. ఒళ్ళు మండిపోయింది.

"ముందు అవతలివాళ్ళ మాట వాళ్ళకంటే బాగా చెప్పు, బేటా. నీ మాట ఎక్కడికీ పోదు," అన్నారు.

ముక్కు ఎగబీలుస్తూనే చెప్పాను. తర్వాత వేట పడవల వైపు మాట్లాడే వంతు వచ్చినప్పుడు అరవకుండా మాట్లాడగలిగాను. ఆ గొంతు నాకు ఆవిడే ఇచ్చారు. యూనివర్సిటీలో ఏం నేర్పుతారని అడిగితే, "ఇదే, ఇంకా చాలాసార్లు," అనేవారు.

ఆదివారం వచ్చింది. మేడమ్ కోసం పక్కింటి నుంచి తెచ్చిన కుర్చీ వాకిట్లోనే ఉంది. నాన్న వల బాగుచేసుకుంటూ, "మేడమ్ ఏటి సెప్దామనుకుందో నువ్వే సెప్పు," అన్నాడు.

సరిగా చెప్పలేకపోతే సీటు పోయినట్టే. ముందు ఆయన మాటే చెప్పాను.

"నీకేటైనా అయితే నా గతేటని నీ బయం. సముద్రాన్ని నమ్మలేం, నౌకరీని నమ్మొచ్చు. అక్కడ నాకు జొరమొస్తే నువ్వు షిప్పెక్కి వచ్చేసరికే లేటైపోద్ది."

నాన్న చేతిలో సూది ఆగింది. అది ఆయన ఎప్పుడూ పైకి అనని మాట.

"మరి నీ మాటేటి?"

"నాకూ బయమే నాన్నా. అయినా ఎల్తాను. ఎందు..."

విమానం నెత్తిమీదికొచ్చింది. ఆగిపోయాను. నాన్న కూడా సూది అలాగే పట్టుకుని నా ముఖం చూస్తున్నాడు. ఖాళీ కుర్చీ సన్నగా అదురుతోంది. మోత తగ్గాక, "...కంటే," అని మొదలుపెట్టాను.