గ్లాసు మీద చెంచా

ఆ రోజుల్లో మా ఆండర్సన్‌పేటలో నోటికి కరువు ఉండేది కాదు. గని మూతపడి పనులు పోయినా మాటలు పోలేదు. కుళాయి దగ్గర తెలుగులో మొదలైన జగడం తమిళంలో ముదిరి, కన్నడంలో రాజీకి వచ్చేది. అలాంటి ఊళ్లో పుట్టి, నలుగురి ముందు నిలబడితే నాలుక అంగిట్లో అతుక్కుపోయేవాణ్ని నేనొక్కణ్నే అనుకుంటాను. డిగ్రీ అయింది. పొద్దున్నే రైలెక్కి బెంగళూరు వెళ్లడం, ఇంటర్వ్యూలో "మీ గురించి చెప్పండి" అనగానే చెమటలు పట్టడం, తిరుగు రైల్లో ఆ జవాబంతా పక్కన కూర్చున్నవాడికి గడగడా అప్పజెప్పడం నా దినచర్య. ఇంటికొస్తే అమ్మకు "ఫోన్ చేస్తామన్నారు" అని చెప్పేవాణ్ని. (అది అబద్ధం కాదు. నేను బయటికి వచ్చాక వాళ్లు ఎవరో ఒకరికి చేసే ఉంటారు.)

అప్పుడే మా ఊళ్లో రిటైరైన బడిపంతులొకాయన ఆదివారం మధ్యాహ్నాలు ఒక ఉపన్యాసాల క్లబ్బు మొదలుపెట్టాడు. గనులు నడిచిన కాలంలో దొరలు ఆడుకున్న పాత హాలు, పదిహేను కుర్చీలు, వాటిలో నాలుగింటికి కాళ్లు సరిగా లేవు. మా అమ్మ దానికి "నోటిబడి" అని పేరు పెట్టి, "నోరు తెరిచేదానికి బడేందిరా, యాడన్నా ఉంటుందా?" అని ఇరుగుపొరుగుకు చెప్పి నవ్వింది. ఏ భాషలోనైనా మాట్లాడవచ్చు, ఏడు నిమిషాలు దాటకూడదు. టైము చూపడానికి పచ్చ, పసుపు, ఎర్ర అట్టలు. అన్నిటికన్నా భయంకరమైనది మూలన బల్ల మీదుండే చిన్న గంట. మాట్లాడేవాడి నోటి నుంచి ఊతపదంలాంటి ఉత్తి మాట జారినప్పుడల్లా దాన్ని ఒకసారి టింగుమనిపిస్తారు. తమిళం వాళ్లు "వందు" అని సాగదీసినా, కన్నడం వాళ్లు "అదూ" అన్నా, మేము "ఇంగ" అన్నా టింగే. ఆ గంటకు కులమూ లేదు, భాషా లేదు. అందుకే పంతులుగారు ఊరందరికీ గంట మేష్టరు అయ్యాడు.

గని ఊళ్లో పుట్టినవాడికి గంట కొత్తేమీ కాదు. మనుషుల్ని భూమి లోపలికి దించే ఇనుప బోనును కేజ్ అంటారు. అది కదలాలన్నా ఆగాలన్నా గంట చెప్పాలి. చిన్నప్పుడు నాయన నన్ను మోకాళ్ల మీద కూర్చోబెట్టుకుని కేజ్ ఆట ఆడించేవాడు. రెండు గంటలంటే దిగాలి, ఒక్క గంటంటే ఉన్నచోట ఆగిపోవాలి. "ఒక్క గంటకు ఆగనోడు ఇంటికి రాడురా" అనేవాడు. నేను ఆగకుండా మోకాళ్ల మీంచి కిందికి జారి పకపకా నవ్వేవాణ్ని.

క్లబ్బులో నా మొదటి ఉపన్యాసం "నా ఊరు". "మాది ఇంగ ఆండర్సన్‌పేట, ఇంగ ఇక్కడ..." టింగ్, టింగ్. నాలుగు నిమిషాల్లో ఇరవై ఆరు ఇంగలు. ఆ రోజు నాకన్నా గంటే ఎక్కువ మాట్లాడింది. తప్పులు చెప్పే ముందు ఒక మంచి మాట చెప్పాలన్నది క్లబ్బు పద్ధతి. గంట మేష్టరు నన్ను పైనుంచి కిందిదాకా చూసి, ఎంత వెతికినా ఏమీ దొరక్క, "చొక్కా బాగుండాదప్పా" అన్నాడు. అయినా నేను వదల్లేదు. ఎనిమిది నెలల్లో ఒక్క ఇంగ లేకుండా ఏడు నిమిషాలు మాట్లాడాను. బెంగళూరులో ఫోన్లో జనాల ఫిర్యాదులు వినే ఉద్యోగం వచ్చింది. క్లబ్బులో గంట నా చేతికొచ్చింది. అక్కడ చెడ్డాను.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, ఆ గంట జబ్బు నాతోపాటు ఇంటికి వచ్చేసింది. స్టీలు గ్లాసు, చెంచా పట్టుకుని అన్నం దగ్గర కూర్చునేవాణ్ని. అమ్మ కూర గురించి చెప్పినా, అక్క అత్తగారి గురించి చెప్పినా టింగ్. చర్చిలో అయ్యగారు ఒక్క ప్రార్థనలో "ప్రభువా" అని నలభై ఒక్కసార్లు అన్నాడని లెక్కబెట్టి, ఆమేన్ చెప్పకముందే అమ్మ చెవిలో వేశాను. అమ్మ నా తొడ మెలిపెట్టి గిల్లింది. అయ్యగారు అది పశ్చాత్తాపమనుకుని నన్ను ప్రేమగా చూశాడు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. (ఇంతసేపూ దాటేసుకుంటూ వచ్చానని మీకు తెలిసే ఉంటుంది.) నాయనకు గనిలో ఒక ప్రాణస్నేహితుడు ఉండేవాడట. భూమి కింద పాటలు పాడేవాడు గనుక పాటల మామ. నేను చిన్నబిడ్డగా ఉన్నప్పుడు లోపల రాయి పేలి ఇద్దరూ చిక్కుకున్నారు. మర్నాటికి నాయన బతికి బయటికొచ్చాడు, మామ రాలేదు. మామ భార్య మా లైనులోనే నాలుగిళ్లవతల ఉండేది. ఎండాకాలం శ్రీనివాసపురం నుంచి లారీలో వచ్చే మామిళ్లు దించుకుని బస్టాండులో అమ్మేది, మిగతా నెలల్లో ఉడికించిన శెనక్కాయలు. మేము మామిళ్ల అత్త అనేవాళ్లం. ఏటా మే నెలలో మామ పేరున వాళ్లింట్లో జ్ఞాపకార్థ ప్రార్థన జరిగేది. నాయన వెళ్లి చివరి వరసలో కూర్చుని, భోంచేసి, నోరు మెదపకుండా వచ్చేసేవాడు.

ఇరవయ్యో ఏటి ప్రార్థనకు పిలవడానికి వచ్చినప్పుడు అత్త మా గడపలోనే నిలబడిపోయింది. "అన్నా, నేను ఇన్నేండ్లూ నిన్ను అడగలేదు. ఆయప్ప కడాకు ఏం మాట్లాడినాడో, నొప్పితో పోయినాడో, ఊరికే నిద్రపోయినట్ల పోయినాడో, నాకు తెలీదు. నీకొక్కడికే తెలుసు. నాకూ వయసైపోతా ఉండాది. ఈసారి ప్రార్థనలో రెండు మాటలు చెప్పన్నా" అంది. నాయన నేల చూస్తూ "చెప్తాలేమ్మా" అన్నాడు. ఆ సాయంకాలం నా దగ్గరికి వచ్చి, కొడుకును అడగడానికి సిగ్గుపడుతూ, "రేయ్, మీ నోటిబడిలో మాట్లాడేది నేర్పిస్తారంట కదా. నాకూ రవ్వంత నేర్పిచ్చురా" అన్నాడు. నాకు ఏనుగెక్కినట్టయింది. పరిగెత్తి గ్లాసూ చెంచా తెచ్చుకున్నాను.

వాకిట్లో నాయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను స్టూలు మీద.

"ఆ పొద్దు మాది రెండో షిఫ్టు. ఇంగ నేను, వాడు కేజ్ ఎక్కినాము..."

టింగ్.

నాయన ఠక్కున ఆగిపోయాడు. "ఏందిరా?"

"ఇంగ అన్నావు నాయనా. ఆ మాట పనికిరాదు, వినేవాళ్లకు విసుగు."

"అట్లనా," అని మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. మూడు సాయంకాలాలు అదే వరస. చెంచా తగిలినప్పుడల్లా నోట్లో మాట నోట్లోనే ఉండగా ఆగిపోయేవాడు. మెల్లమెల్లగా ఇంగలు తగ్గాయి. ఒక్కచోట మాత్రం తగ్గలేదు. "పైనుంచి రాయి దిగింది. దీపాలు పోయినాయి. వాడు యాడుండాడో కనబళ్లేదు. ఇంగ... వాడు నన్ను పిలిచినాడు. ఇంగ... నేను ఇంగ..." టింగ్, టింగ్, టింగ్. ఆ చోటు దాటి నాయన ఒక్కసారీ ముందుకు పోలేదు. నేను పోనివ్వలేదని ఇప్పుడు అంటాను. అప్పుడు మాత్రం క్లబ్బు పెద్దలా గొంతు సవరించుకున్నాను.

"నాయనా, ఇక్కడ నీకు పట్టు తప్పుతాండాది. ఈ ముక్క తీసేస్తాం."

"తీసేస్తే ఎట్లరా? ఆయమ్మ అడిగింది అదే కదా."

"కడాకు మంచి మాట ఒకటి నేను రాసిస్తా. అందరూ కండ్లనీళ్లు పెట్టుకుంటారు చూడు."

నాయన నన్ను చూశాడు, గ్లాసును చూశాడు. "నువ్వు చదువుకున్నోడివి" అన్నాడు.

ప్రార్థన రోజు గంట మేష్టర్ని కూడా పిలిచాను, శిష్యుడి శిష్యుణ్ని చూస్తాడని. నాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, నేను రాసిచ్చింది నాలుగు నిమిషాల్లో ఒక్క ఇంగ లేకుండా చెప్పాడు. షిఫ్టు, కేజ్, రాయి, చీకటి. ఆ తర్వాత నా ముగింపు: "ఆయన మన మధ్య లేకపోయినా ఆయన పాట మన గుండెల్లో మోగుతూనే ఉంటుంది." చప్పట్లు కొట్టారు. (ప్రార్థనలో చప్పట్లేమిటని అయ్యగారు కాస్త నొచ్చుకున్నాడు.) గంట మేష్టరు నా భుజం తట్టాడు. అత్త మాత్రం చీర కొంగు పట్టుకుని, నాయన మొహంలోకి చూస్తూ, ఇంకా ఏదో ఉందన్నట్టు కూర్చునే ఉంది. కొంతసేపటికి మెల్లగా "అంతేనా అన్నా?" అంది. నాయన నా వైపు చూశాడు. నేను ఉబ్బిపోయాను. వినేవాళ్లు "అప్పుడే అయిపోయిందా" అనుకుంటే మనం గెలిచినట్టే అని గంట మేష్టరు ఎన్నిసార్లు చెప్పలేదు!

ఆ వారంలోనే ఒకరోజు నాయన మామిళ్లు తెస్తానని మధ్యాహ్నం సంచీ పట్టుకుని వెళ్లి, దీపాలు పెట్టే వేళకు వట్టి సంచీతో వచ్చాడు. "ఇంతసేపు ఏం చేసినావు?" అని అమ్మ కేకలేసింది. "ధర కుదర్లేదు" అన్నాడు. నాలుగిళ్లవతలి మనిషితో అయిదు గంటలు బేరమాడి ఓడిపోయిన మొగాణ్ని నాయననొక్కణ్నే చూశామని నేనూ అమ్మా చాలా రోజులు నవ్వుకున్నాం. నాయన కూడా నవ్వేవాడు. ఆ తర్వాత మాత్రం నా ముందు పెద్దగా మాట్లాడింది లేదు. ఏదైనా చెప్పబోయి, నా చేతిలో చెంచా ఉందేమోనని చూసుకునేవాడు. ఆయనకు మితభాషణ అలవడిందని నేను క్లబ్బులో చెప్పుకున్నాను.

ఆరేళ్ల తర్వాత గని దుమ్ము పట్టిన ఊపిరితిత్తులు ఇక లాగలేక నాయన పోయాడు. సమాధి దగ్గర నేనే మాట్లాడాను. ప్రారంభం, మధ్య భాగం, ముగింపు, అన్నీ అమరాయి. గొంతు ఒక్కచోట కూడా వణకలేదు. ఎంత బాగా మాట్లాడినావప్పా అని వచ్చినవాళ్లంతా నా చేయి పట్టుకున్నారు. అత్త పట్టుకోలేదు. నా తల మీద చేయి పెట్టి వెళ్లిపోయింది.

మొన్న వేసవిలో నా కూతురు, ఎనిమిదేళ్లది, బడి తెరిచాక క్లాసులో ఏదో చెప్పాలంటూ తాత గని కథ అడిగింది. ఇలాంటిదైతే మనకు వెన్నతో పెట్టిన విద్య. షిఫ్టు చెప్పాను, కేజ్ చెప్పాను, రాయి పడటం చెప్పాను, దీపాలు ఆరిపోయాయన్నాను. "మామ మీ తాతను పిలిచాడు" అన్నాను. "ఆమేలే?" అంది బడి కన్నడంలో, ఆ తర్వాత ఏమైందని. ఆమేలే నా దగ్గర ఏమీ లేదు. ఇరవై ఏళ్లు నోరు తెరవని మనిషి మూడు సాయంకాలాలు నా ముందు నిలబడి, ఒక్క గంటకు ఆగడం తప్ప మరొకటి నేర్వని మనిషి, ఆ చోటికి వచ్చి వచ్చి ఆగిపోయాడు. ఆపింది నేను. మోకాళ్ల మీద కూర్చోబెట్టుకుని నేర్పిన ఆట మరిచిపోయి, అదే గంట ఆయన మీద కొట్టాను. బిడ్డ ముందే ఏడ్చాను.

ఆ మధ్యాహ్నమే అత్త దగ్గరికి వెళ్లాను. ముసలిదైపోయింది, అయినా గడపలో గడ్డి పరుచుకుని మామిళ్లు ఏరుతోంది. "అత్తా, ఆ పొద్దు ప్రార్థనలో నాయన నీకు చెప్పాలనుకున్నది నేనే చెప్పనీకుండా చేసినాను. అది నీకు తెలీకుండానే పోయింది. నన్ను..." అంటుండగానే చేయి అడ్డం పెట్టింది.

"ఎవరు చెప్పినారు తెలీకుండా పోయిందని? ఆ వారమే సంచీ ఎత్తుకోని వచ్చినాడు కదా మీ నాయన. ఇదో, ఇక్కడే కూర్చున్నాడు. మధ్యాన్నం మొదలుపెట్టి దీపాలు పెట్టే పొద్దుదాకా చెప్పినాడు. ఇంగ, ఇంగ, ఇంగ అని ఎన్నిసార్లన్నాడో ఆ దేవునికే తెలుసు. ఏడ్చినాడు, నేనూ ఏడిస్తిని. అంతా చెప్పేసి పోయినాడప్పా. ఆ రాత్రి నేను నెమ్మదిగా నిద్రపోయినాను."

నా గుండె మీంచి బండ దిగినట్టయింది. దిగిన వెంటనే ఆశ పుట్టింది. "ఏం చెప్పినాడత్తా?"

అత్త ఒక కాయ ఎత్తి వాసన చూసి పక్కన పెట్టింది. బోసినోటితో నవ్వింది, కళ్లలో మాత్రం నీళ్లున్నాయి. "నీకు చెప్పేదానికి లేదు నాయనా. పోతా పోతా మాట తీసుకున్నాడు. 'మావోడికి మాత్రం చెప్పొద్దమ్మా, వాడు గ్లాసు తెచ్చుకోని కూర్చుంటాడు' అన్నాడు."

నేనూ నవ్వాను. నవ్వు మధ్యలోనే తెగిపోయింది. క్షమించమని చెప్పాలి. ఎన్ని ఉపన్యాసాలు ఇచ్చానో, ఎంతమందికి నేర్పానో, ఒక ప్రారంభం కూడా తోచలేదు. గడప పక్కన, నాయన కూర్చున్న చోట కూర్చున్నాను. "అత్తా... ఇంగ... నేను ఇంగ..."

"చెప్పు నాయనా" అంది అత్త, కాయలు ఏరడం ఆపి, నా వైపు తిరిగి. "నాకేం తొందర? లారీ వచ్చేది రేపు కదా."

పాత అలవాటు కొద్దీ నా ఇంగలు నేనే లోపల లెక్కబెట్టుకున్నాను. ఎనిమిదో తొమ్మిదో అయ్యాక లెక్క తప్పింది. మళ్లీ మొదటి నుంచి ఎత్తుకోలేదు.