సుంకమ్మ కట్టిన పసుపు గుడ్డలు

సుంకమ్మ తిట్టకుండా ఎవరి కాలిలోనూ ముల్లు తీసి ఎరుగదు. ఎవరైనా కుంటుకుంటూ ఆమె ఇంటి ముందుకు వస్తే, "కండ్లు నెత్తిన పెట్టుకోని నడుస్తాండావా?" అంటూనే పీట వేస్తుంది. ఆ మట్టికాలిని తన ఒళ్లోకి లాక్కుంటుంది. మొలకు వేలాడే చిమటాతో ముల్లు పట్టి లాగి, వెలుతురుకు ఎత్తి చూస్తుంది.

ఆ తర్వాత తిట్లు ఏ చెట్టు ముల్లన్నదాన్ని బట్టి ఉంటాయి. తెల్లగా, సూదిలా, పొడుగ్గా ఉన్నది నల్లతుమ్మ ముల్లు. నొప్పి ఎక్కువే గానీ విరగకుండా వస్తుంది కాబట్టి తిట్లు తక్కువ. కొక్కెంలా వంగి ఉంటే రేగుముల్లు. "పండ్లు తిన్న్యావు కదా, అనుభవించు" అని నవ్వుతుంది. లావుగా, పచ్చిగా ఉంటే గారచెట్టుది. ముల్లు లోపలే విరిగి, పాదం వాచిపోయిందంటే మాత్రం అది సర్కారు తుమ్మే. మా వైపు దాన్ని ఉత్తగా 'కంప' అనే అంటాం. అప్పుడు సుంకమ్మ ఎదుటి మనిషిని వదిలేసి ఆ చెట్టును, దాని వంశాన్ని, దాని విత్తనం మొదట ఈ నేలకు తెచ్చినవాణ్ణి కలిపి తిడుతుంది. తిడుతూనే ఆముదంలో పసుపు కాచి, ఊదుకుంటూ, పాదానికి పెడుతుంది. ప్రతిగా ఎవరైనా గుప్పెడు అలసందలు ఇవ్వబోతే దానికీ తిడుతుంది.

మాది కంబదూరు నుంచి లోపలికి పోయే మట్టిరోడ్డు మీది ఊరు. వాన వస్తే వేరుశనగ, రాకపోతే మేకలు. కోడలిగా వచ్చిన కొత్తలోనే సుంకమ్మకు అత్త మేకల్ని అప్పజెప్పింది. మేకలతోపాటు చెట్లనూ అప్పజెప్పింది. ఏ ఆకు మేకకు బలం, ఏ ఆకు పొట్ట ఉబ్బిస్తుంది, ఏది చూలు మేకకు పెట్టకూడదు, అన్నీ ఆ అత్త చెప్పినవే. అత్త పోయింది, భర్త ఎర్రప్ప పోయాడు, మేకలు ఎన్ని తరాలు మారాయో! చెట్ల తెలివి మాత్రం ఆమె దగ్గర అట్లాగే ఉంది. దేవుడు కొందరికి గొంతు ఇస్తాడు, కొందరికి ఓర్పు ఇస్తాడు. సుంకమ్మకు ఓర్పు ఇవ్వలేదు, ఈ తెలివి ఇచ్చాడు.

మా ఊరి పక్కన ఇసుక వంక ఉంది. నీళ్లు పారింది ఎప్పుడో పెద్దవాళ్లకే గుర్తు. దాని పొడవునా కంప కమ్ముకుంది. ఆ కంప నడుమ ఊపిరాడక నిలబడి ఉన్నవి పాత జమ్మి చెట్లు. రెండూ దూరం నుంచి ఒకే మాదిరిగా కనిపిస్తాయి. అవే సన్నసన్న ఆకులు, అవే ముళ్లు. సుంకమ్మ మాత్రం కొమ్మ మీద వేలు పోనిచ్చి చెప్పేస్తుంది. కంపకు ముళ్లు ఆకు పుట్టే కణుపు దగ్గరే, జంటగా, కోడెదూడ కొమ్ముల్లా మొలుస్తాయి. జమ్మికి అట్లా కాదు. కణుపుకూ కణుపుకూ నడుమ, ఎక్కడపడితే అక్కడ, పొట్టి ముళ్లుంటాయి. కంప రెమ్మ వంకరటింకరగా పోతుంది. జమ్మి మాను బూడిదరంగులో, ఎండిన చెరువు అడుగులా పగుళ్లు తీసి ఉంటుంది.

దసరాకు ఆకు పంచుకోవడానికి జమ్మి ఎట్లాగూ కావాలి. సుంకమ్మకు అంతకన్నా పెద్ద అవసరం ఉంది. నడి ఎండాకాలంలో, చుట్టూ అన్నీ మోడువారినప్పుడు, జమ్మి కొత్త ఆకు వేస్తుంది. ఆ ఆకే ఆమె మేకలకు వానల దాకా తిండి. కంప ఆకును మేక మూతితో కూడా ముట్టదు.

ఈ ఎండాకాలం మొదట్లో ఊరి పెద్ద బయ్యన్న వంకలో కంప తీయించడానికి పూనుకున్నాడు. కంప పోతే నీళ్లు వచ్చినప్పుడు దారి ఉంటుంది, పక్క బావులూ బతుకుతాయి. మంచి పనే. జేసీబీకి చెప్పి, జమ్మి చెట్లకు గుర్తు పెట్టమని సుంకమ్మకే అప్పగించాడు.

"రంగు డబ్బా పంపిస్తా సుంకమ్మా, మానుకు ఒక గీత గీయి చాలు" అన్నాడు.

"రంగు చూసి ఆగుతాడా బండోడు? పసుపు గుడ్డ కడతా. ఎంత మొండోడైనా పసుపు చూస్తే చెయ్యి లేయదు" అంది సుంకమ్మ.

తన పాత చీర చింపి, పసుపు నీళ్లలో ముంచి ఆరేసింది. మోచేతుల దాకా గీసుకుపోతుంటే కంపలోకి దూరి, ప్రతి జమ్మికీ గుడ్డ కట్టి వచ్చింది.

అనుకున్న రోజుకు జేసీబీ రాలేదు, పక్క మండలంలో పని తెగలేదట. ఈ లోపల జరగవలసింది జరిగింది. మా ఊళ్లో చెట్టుకు పసుపు గుడ్డ కనిపిస్తే, ఎవరు కట్టారని ఎవరూ అడగరు. చెప్పులు విడిచి దండం పెట్టుకుంటారు. ఇంట్లో కష్టం ఉన్నవాళ్లు తామూ ఒకటి కట్టి మొక్కుకుంటారు. మొదట ఎవరో ఒకామె కట్టింది. శుక్రవారానికి వంకలో అమ్మవారు వెలిసిందన్న మాట లేచింది. ఆడవాళ్లు పసుపు, గుడ్డలు, టెంకాయలు పట్టుకుని కదిలారు. లోపలికి పోతే చీరలు చిరుగుతాయి కాబట్టి దారి పక్కనున్న చెట్లకే కట్టారు. దారి పక్కనున్నదంతా కంపే. సుంకమ్మ ఆ వారమంతా మేకల్ని గుట్ట వైపు తోలుతూ ఉంది, ఆమెకు ఈ సంగతే తెలియదు.

జేసీబీ వచ్చిన పొద్దున వంకంతా పసుపుగా ఉంది. బండి నడిపే ఐజాక్ పామిడి మనిషి, నెమ్మదస్తుడు. ఇంజను ఆపి దిగాడు.

"ఏమన్నా, గుడ్డ ఉండేది వదలమంటివి. అన్నిటికీ ఉండాయి. ఇంక నేను తీసేది ఏముండాది?"

బయ్యన్న తల గోక్కున్నాడు. బండి సాయంత్రానికి ఇంకో ఊరికి పోవాలి. మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు. ఆడవాళ్లను అడిగితే తగువు, సుంకమ్మను పిలిస్తే తిట్లు. చివరికి, "ఒక పక్కనుంచి అంతా తోసేయప్పా. దేవుని పని, పూజారిని పిలిచి శాంతి చేపిస్తా" అన్నాడు.

మొదట పడింది జమ్మి చెట్టే. పాతది, ఇద్దరు పట్టుకుంటే గానీ కౌగిలికి అందని మాను.

చప్పుడు విని మేకల్ని ఎక్కడివక్కడ వదిలేసి వచ్చింది సుంకమ్మ. పడిన చెట్టును చూసింది. వంగి దాని మానును అరచేత్తో తడిమింది.  తర్వాత లేచి బయ్యన్న వైపు తిరిగింది.

"బయ్యన్నా! ఇది నాటినోళ్లు ఎవరో నీకు తెల్సా? నీ తాత పుట్టకముందు నుంచి ఉండాది! కంపను తియ్యమంటే జమ్మిని కూలుస్తావా? శాంతి చేపిస్తావా? చేపియ్యి! శాంతి చేసేదానికి ఆకు యాడ తెస్తావు?"

"నువ్వు గుర్తు సరిగ్గా పెట్టింటే ఇట్లయ్యేదా? ఊరంతా గుడ్డలే" అన్నాడు బయ్యన్న.

సుంకమ్మ అప్పుడు చూసింది. దారి పొడవునా కంపలకు పసుపు గుడ్డలు, కుంకుమ బొట్లు, కొట్టిన టెంకాయ చిప్పలు. ఆమె ముఖం ఎర్రబడింది.

"కంపకు మొక్కినార్రా! బావులు ఎండబెట్టిన కంపకు, మీ బిడ్డల కాళ్లు కుళ్లబెట్టిన కంపకు టెంకాయ కొట్టినారా! కండ్లు లేకపోతే పోయె, చేతులు కూడా లేవా, తడిమి చూసేదానికి!"

ఆడవాళ్లు అప్పటికే గుమిగూడారు. సుంకమ్మ ఒక కంప దగ్గరికి పోయి గుడ్డ విప్పి పారేసింది. గుంపులోంచి 'అయ్యో' అన్నారు. రెండోది విప్పింది. "పాపం తగుల్తాది సుంకమ్మా" అని ఎవరో అన్నారు. "తగలనీ! నాకు తగిలితే జమ్మి బతుకుతాది కదా!" మూడో చెట్టు దగ్గరికి పోయేసరికి చౌడేశ్వరి మానుకు ఆనుకుని అడ్డం నిలబడి ఉంది.

చౌడేశ్వరి పక్క సందులో ఉంటుంది. సుంకమ్మ మేకల కోసం రోజూ బియ్యం కడిగిన నీళ్లు పారబోయకుండా తొట్టిలో దాచిపెట్టే పిల్ల. ఆ వారంలోనే, కూతురు జ్వరంతో అనంతపురం ఆసుపత్రిలో పడి ఉన్నప్పుడు, బట్టలు తీసుకుపోవడానికి ఒక పూట ఊరికి వచ్చి, ఈ చెట్టుకు గుడ్డ కట్టి పోయింది.

"దీన్ని ముట్టద్దు అత్తా."

"తప్పుకోవే. ఇది జమ్మి కాదు. చెయ్యి ఇట్ల తే. ఈ ముండ్లు చూడు, జోడుగా ఉండాయి. కంప ఇది!"

"కంపో జమ్మో నాకు తెలీదత్తా. గుడ్డ కట్టి పోయినా. తెల్లారి నా బిడ్డ కండ్లు తెరిచింది. నువ్వు విప్పద్దు. నీ కాళ్లు పట్టుకుంటా."

సుంకమ్మ చెయ్యి గుడ్డ మీదే ఉంది. ముళ్లు చౌడేశ్వరి వీపుకు గుచ్చుకుంటున్నాయి, రవిక మీద రక్తపు చుక్కలు కనిపిస్తున్నాయి. అయినా కదలలేదు.

"ముందుకు రాయే, ముండ్లల్లో ఆనుకోని నిలబడితివి!" అని సుంకమ్మ ఆమెను చెయ్యి పట్టి ఇవతలికి లాగింది. వీపు తిప్పించి, చిమటా తీసి, అక్కడే, అందరి ముందే, విరిగిన ముళ్లు లాగింది. ఒక్కొక్క ముల్లుకూ ఒక్కొక్క తిట్టు. చౌడేశ్వరి ఏడుస్తూనే ఉంది. గుడ్డ మాత్రం చెట్టుకు అట్లాగే ఉంది.

అప్పుడు ఆడవాళ్లలో పెద్దామె బయమ్మ ముందుకు వచ్చింది. బయ్యన్న వదిన. ఆమె మాటకు ఊళ్లో అడ్డు లేదు. "నాది యాడుండాదో నాకు తెల్సు, నేనే విప్పుకుంటా. జమ్మి యాదో చూపియ్యి సుంకమ్మా, ఆడ కడతా. మొక్కిండేది చెట్టుకా, తల్లికి కదా" అంది. తన గుడ్డ విప్పి కళ్లకద్దుకుంది.

ఆ మాటతో మిగిలినవాళ్లూ కదిలారు. సుంకమ్మ ముందు నడిచింది. ఒక్కో చెట్టు దగ్గర ఆగి, ఆడవాళ్ల చేతులు పట్టుకుని కొమ్మ మీద పెట్టించింది. "ఇది చూడు. అది కాదే, అది వెల్తురు చెట్టు. పూసినప్పుడు కుచ్చు సగం గులాబీ, సగం పసుపు ఉంటాది. దాన్నీ వదలండి, మేక తింటాది. ఆ, ఇది జమ్మి. కట్టుకో. గట్టిగా కట్టు, చేతుల్లో సత్తువ లేదా?" ఒకరిద్దరు నవ్వారు. ఆమె నవ్వలేదు. పడిపోయిన చెట్టు దాటిన ప్రతిసారీ బయ్యన్న వైపు చూసింది. బయ్యన్న మనిషిని పంపి అందరికీ మజ్జిగ తెప్పించాడు. సుంకమ్మ తన గ్లాసు తీసుకుని, తాను తాగకుండా చౌడేశ్వరికి ఇచ్చింది.

మధ్యాహ్నం దాటాక జేసీబీ మళ్లీ కదిలింది. ఐజాక్ ఒక్కో కంపనూ వేళ్లతో సహా పెకలించుకుంటూ వచ్చి, చౌడేశ్వరి గుడ్డ కట్టిన చెట్టు దగ్గర ఆగాడు.

"అవ్వా, ఇది?"

"వదిలేయ్."

"కంప కదా అవ్వా?"

"కంపే. నాకు తెలీకనా? వదిలేయ్ అంటాండా కదా! పో, ముందుకు పో."

ఐజాక్ బండి పక్కకు తిప్పాడు. సుంకమ్మ చౌడేశ్వరి వైపు తిరిగింది.

"నీ దేవుణ్ణి నేనేమీ అనను. అయితే ఒకటి చెప్తాండా విను. దీనికి కాయలు తియ్యగుంటాయి. రాలినాయంటే నా మ్యాకలు తింటాయి, తిని ఊరంతా విత్తనం ఏస్తాయి. మళ్లీ వంకంతా ఇదే. రాలిన కాయ రాలినట్టు నువ్వే ఏరాల. ఒక్కటి నా మ్యాక నోట్లో పడిందో, నేనే గొడ్డలి తెస్తా."

"ఏరతా అత్తా."

ఇప్పుడు ఆ కంపకు కాయలు పండి రాలుతున్నాయి. చౌడేశ్వరి పొద్దున్నే గంప పట్టుకుని వంకకు పోతోంది. కూతురు కూడా వెంట పోయి ఏరుతోంది. సుంకమ్మ మేకల్ని దూరంగా అదిలించి, తానూ చెట్టు కింద వంగుతుంది. వంగినంతసేపూ ఆ చెట్టును తిడుతూనే ఉంటుంది.