బెల్లం నీళ్లు చల్లిన మక్కలు

ఉదయం ఆరున్నరకు సిరిసిల్లలో కోరుట్ల పల్లెవెలుగు బస్సు ఎక్కాను. పాడి రైతుల ఇళ్లలో దాణా నమూనాలు తీసి, బూజు విషం ఉందేమో చూడటానికి జగిత్యాల ల్యాబులో ఇవ్వడం నా పని. ఈసారి ఎవరూ పంపలేదు. కథలాపూర్ దగ్గరి పల్లె నుంచి రాజవ్వ ఫోన్ చేసింది, దూడ లేవట్లేదని.

అంతకు వారం ముందు కూడా చేసింది, బర్రె దాణా ముట్టట్లేదని. మధ్యాహ్నం కునుకు చెడుతుందని నేను వెళ్లలేదు. "బెల్లం నీళ్లు చల్లు, తింటది" అని ఫోన్ పెట్టేశాను.

బస్సులో నా చేతిలోని నీలికాంతి టార్చీని పక్కసీటాయన తిప్పి తిప్పి చూశాడు. "దొంగనోట్లు పట్టెటోనివా సార్? నా జేబుల గవి సుత లెవ్వు!"

"మక్కలు చూడటానికి. బూజు విషం ఉన్న మొక్కజొన్న గింజ దీని కాంతికి మెరుస్తది" అన్నాను. ఆయన నవ్వు ఆపి టార్చీ తిరిగిచ్చాడు.

కథలాపూర్‌లో దిగి ఆటోలో వెళ్లాను. ముసురు. కొట్టంలో చప్పుడే లేదు. బర్రె గోడకు ముఖం పెట్టి నిలబడింది. దాని కాళ్ల దగ్గర దూడ, కళ్లు తెరిచే ఉంది గాని ఈగ వాలినా రెప్ప వేయడం లేదు.

"మక్కలు వానకు తడిసినయి సారూ. బూజు దులిపి మంచిగ ఎండవెట్టిన. వాసన సుత లేదు. బెల్లం నీళ్లు చల్లితే బర్రె, దూడ రెండూ తిన్నయి" అంది రాజవ్వ.

బూజు పోయినా విషం పోదని ఆమెకు ఎవరు చెప్పాలి? నేనే.

తలుపుకు గోనెపట్టా కట్టి టార్చీ వేశాను. తొట్టి చీకట్లో గింజలు పసుపుపచ్చగా అక్కడొకటి, ఇక్కడొకటి మెరిశాయి, మనల్నే చూస్తున్నట్టు. రాజవ్వ నా భుజం పట్టుకుంది. ఆమె వేళ్లకు బెల్లంతో అంటుకున్న పిండిలోనూ ఒక చుక్క వెలిగింది.

"పాలు ఎవరు తాగుతున్నరు రాజవ్వా?"

"నా బిడ్డ కూతురు. ఇప్పుడిప్పుడే నడుస్తంది."

ఆ మెరుపు అనుమానమే, తేల్చేది ల్యాబు. అయినా పాలు ఆపమన్నాను, పశువుల డాక్టరును పిలిపించాను, పాపను ఆసుపత్రిలో చూపించమన్నాను. బస్తా పైనా, మధ్యా, అడుగునా తీసిన నమూనాతో కోరుట్ల చేరి బస్సు మారాను. బస్టాండులో చాయ్ కొన్నాను గాని తాగలేకపోయాను.

జగిత్యాల ల్యాబులో సాయంత్రానికి తేలింది. విషం ఉంది, హద్దు దాటే ఉంది.

తిరుగు బస్సులోంచి రాజవ్వకు చెప్పాను. "పొల్లకు పాకెట్ పాలు తెచ్చినం. దవాఖానల మల్ల రమ్మన్నరు" అంది. ఆగి, "గా బర్రెకు ముందుగాలనే ఎరుకైంది గద సారూ?"

"ఎరుకైంది. నేనే తినిపించమన్న, రాజవ్వా."

ఫోన్‌లో ఆమె వెనక, పొద్దంతా నోరు విప్పని బర్రె అరవడం మొదలుపెట్టింది.

"దూడ పోయింది సారూ" అంది.

ఈ దారిన నాలాంటి పని మీద వెళ్లేవారు, పశువు వద్దన్న బస్తాను ముందు విప్పి చూడండి. సిరిసిల్ల వచ్చేదాకా, కట్ చేసిన ఫోన్ జేబులోనే ఉంది. ఆ అరుపు మాత్రం ఆగలేదు.