నేను దాచిన ఐదు యెన్లు

ఎండురొయ్యల డబ్బా మూత తీస్తే ముందు వాసన వస్తుంది, ఆ వెనకే అక్క వస్తుంది. కాలేజీ పిల్లలతో కలిసి వచ్చే వారం జపాన్ పోబోతున్న నా కూతురు, ఈ పొద్దున కాగితం ముక్కల మీద యెన్లు రాసుకుని నేల మీద పరిచి, "ఇచి, ని, సాన్" అని జపాన్ భాషలో లెక్కపెట్టుకుంటుంటే, పెళ్ళయి నెల్లూరొచ్చినా వెంట తెచ్చుకున్న ఆ పాత డబ్బాను అటక మీదనుంచి దించాను.

విడవలూరు దాటి సముద్రం దాకా పోతే మా పల్లె. చలికాలపు పొద్దుల్లో పడవలు ఒడ్డుకు రాగానే మా అవ్వ తడి ఇసకలో గొంతుక్కూచుని, కానాగంత చేపల్ని గంపలోకి లెక్కపెట్టి వేస్తూ, ఒకటి అనకుండా "లాభం" అని మొదలుపెట్టి, రెండు, మూడు అని రాగం తీసేది. గంగమ్మ కొలుపునాడు పొంగలి ముద్దలు పంచినా అదే లెక్క, మేం గచ్చకాయలాడినా అదే లెక్క.

అక్క తొమ్మిదో తరగతిలో ఉండగా జపాన్ చూడబోయే పిల్లల జట్టుకు ఎంపికైంది. అంతకుముందు అక్కడికి పోయొచ్చిన టీచరమ్మ ఆమెకొక నాణెం ఇచ్చింది. పసుపుపచ్చటి ఇత్తడి, నడుమ చిల్లు, ఒక పక్క వరికంకి. ఐదు యెన్లు. అక్క దాన్ని దారానికి గుచ్చి మెళ్ళో వేసుకుని, ఇసకలో గవ్వలు పరిచి నాకు పాఠం చెప్పేది. "లాభం, ని, సాన్" అనేసి నాలిక్కరుచుకునేది. "అక్కడ ఇట్టంటే నవ్వుతారు మే!" అని తనే పడీపడీ నవ్వేది.

నాకు నవ్వొచ్చేది కాదు. అక్క పోతే నేనెవరి పక్కన పడుకోవాలి? నా బుద్ధి గడ్డి తిని, ఆ బిళ్ళే విమానం చార్జీ అనుకున్నాను. అది లేకపోతే అక్క పోలేదు కదా అని, స్నానానికి విప్పి పెట్టినప్పుడు తీసి ఎండురొయ్యల డబ్బా అడుగున పూడ్చేశాను.

అక్క ఇల్లంతా జల్లెడ పట్టింది. "నా బిళ్ళ చూసినావా మే?" అంది. లేదక్కా అన్నాను. ఆ వారమే ముసురు పట్టి అక్కకు జ్వరం తగిలింది. ఆసుపత్రి మంచం మీద కూడా మెడ తడుముకుంటూ, "చూసినావా మే?" అని అడిగింది. లేదనే అన్నాను. అక్క మళ్ళీ ఇంటికి రాలేదు. ఆమెను తీసుకుపోయింది జ్వరమేనని నాకు తెలుసు. కానీ అక్క జపాన్ పోకూడదని కోరుకుంది నేనే కదా!

ఇప్పుడు ఆ ఒడ్డున అవ్వ లేదు, గంపలు లేవు. చేపల్ని ఎలక్ట్రానిక్ కాటా తూచేస్తుంది, లాభం అనే నోరే లేదు.

డబ్బా అడుగునుంచి నాణెం తీసి, కడిగి కూతురి చేతిలో పెట్టాను. చిల్లులోంచి నన్ను చూసి నవ్వింది.

"ఐదు యెన్లా? మన మూడు రూపాయలు కూడా రావు కదమ్మా. దీంతో అక్కడ చాక్లెట్ కూడా ఇయ్యరు."

మూడు రూపాయలు! ఆ లెక్క నాకప్పుడు ఎవరూ చెప్పలేదు.

నాణేన్ని కాగితం ముక్కలకు ముందు పెట్టి, దాని మీద వేలుంచి, నా కూతురు మళ్ళీ లెక్క మొదలుపెట్టింది.

"లాభం," అంది.

నేనా మాట ఈ ఇంట్లో ఏనాడూ పలకలేదు.

"చూసినానక్కా," అన్నాను.